తుపాకీ కర్రకు ఏ పూత?



ఓహాయో రాష్ట్రంలో ఉద్యోగం చేసుకుంటున్న ఒక తమ్ముడు మన కార్యక్రమానికి ఉత్తరం రాశాడు. శని, ఆదివారాల్లో కారు షెడ్డులో వడ్రంగం చేస్తాడట. పాతకాలపు చెకుముకి తుపాకీ కిట్ ఒకటి తెప్పించుకుని, నెలల తరబడి కూర్చుని అమర్చాడట. “అన్నా, ఇనుప పని, ఇత్తడి పని అయిపోయాయి. ఇక కర్రకి పూత ఒక్కటే మిగిలింది. పాలియురేథేన్ రెండు కోటింగులు కొట్టెయ్యనా, అవిసె నూనె రాయనా?” అని అడిగాడు. ప్రశ్న చిన్నదే. జవాబు మాత్రం ఆ కర్ర ఏ చెట్టుది, ఆ తుపాకీని ఎలా వాడతాడు అన్నదాన్ని బట్టి ఉంటుంది. అందుకే ఈ పూట ప్రసంగం మొత్తం దానికే కేటాయిస్తున్నాను.

ఈ సంగతి కొత్తగా వింటున్నవాళ్ళకి ముందుగా రెండు మాటలు. మూతి వైపు నుంచి మందూ గుండూ కూరి పేల్చే తుపాకీని అమెరికాలో మజిల్‌లోడర్ అంటారు. అక్కడ 1968లో వచ్చిన తుపాకుల నియంత్రణ చట్టం ఇలాంటి పాతరకం తుపాకుల్నీ, వాటి నకళ్ళనీ ఆధునిక ఆయుధాల లెక్కలోంచి మినహాయించింది. అందుకని గొట్టం, నిప్పు రాజేసే లాక్, ఇత్తడి సామాను, చాలావరకు చెక్కి పెట్టిన కర్ర అన్నీ ఒకే పెట్టెలో ఇంటికి వస్తాయి. రాష్ట్రాల చట్టాలు వేరుగా ఉండొచ్చు కాబట్టి ఎవరి రాష్ట్రం సంగతి వాళ్ళు చూసుకోవాలి. మన దేశంలో మాత్రం 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ తయారుచేయడం నేరం. కాబట్టి ఈ మాటలు అక్కడి కార్ఖానాల గురించి, అక్కడి చేతిపని గురించి అని గుర్తుపెట్టుకుని వినండి.

ఈ చేతిపనికి పుట్టిల్లు పెన్సిల్వేనియా. 18వ శతాబ్దం మొదటి సగంలో జర్మన్ మాట్లాడే తుపాకీ పనివాళ్ళు లాంకస్టర్ చుట్టుపక్కల స్థిరపడ్డారు. వాళ్ళు వెంట తెచ్చుకున్నది యేగర్ అనే పొట్టి, బరువైన వేట తుపాకీ. అక్కడి అడవుల్లో అది క్రమంగా సన్నబడి, గొట్టం 42 అంగుళాలకీ అంతకుపైకీ సాగి, లాంగ్ రైఫిల్ అయింది. కెంటకీ రైఫిల్ అని పేరుబడ్డది కూడా అదే. యూరప్‌లో తుపాకీ కర్ర అంటే అక్రోటు, అంటే వాల్‌నట్. పెన్సిల్వేనియా పనివాళ్ళు మాత్రం చేతికి అందిన మేపుల్ మీద మనసు పారేసుకున్నారు. మేపుల్ చెట్లలో కొన్నిటికి చెక్క నార నిటారుగా పెరగకుండా అలలు అలలుగా పెరుగుతుంది. అలాంటి చెక్కని కోస్తే అడ్డంగా పులిచారలు కనిపిస్తాయి. ఆ చారల్ని పైకి తేవడానికే వాళ్ళ పూతల విద్య అంతా పుట్టింది.

ఇవాళ కిట్లలో వచ్చేవి ముఖ్యంగా నాలుగు చెక్కలు: మేపుల్, వాల్‌నట్, చెర్రీ, కాస్త చౌక కిట్లలో బీచ్. పూత గురించి అడిగేవాళ్ళని నేను మొదట అడిగేది నీ కర్ర వీటిలో ఏదని. వాల్‌నట్‌కి రంగు పుట్టుకతోనే ఉంది, నూనె తగిలితే చాలు. చెర్రీ కొత్తలో లేత గులాబీ రంగులో ఉన్నా, వెలుతురు తగిలే కొద్దీ తనంతట తానే ఎర్రబారుతుంది; దాని మీద రంగు వేసేవాళ్ళని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. కొన్నాళ్ళు ఎండ పొడ తగలనిస్తే ఏ డబ్బాలోనూ దొరకని రంగు వస్తుంది. మేపుల్ అలా కాదు. తెల్లగా, గట్టిగా, రంధ్రాలు కంటికి కనిపించనంత సన్నగా ఉంటుంది. దానికి ఒట్టి నూనె రాస్తే పాలిపోయిన పసుపు రంగులో ఉండిపోతుంది, చారలు లోపలే నిద్రపోతాయి. మేపుల్‌కి రంగు విడిగా ఇవ్వాలి. ఉత్తరం రాసిన తమ్ముడిది చారల మేపుల్ కర్ర. కాబట్టి అతను అసలు అడగాల్సింది రంగు గురించి. పైపూత సంగతి ఆ తర్వాత.

రంగు కంటే ముందు మరో పని ఉంది, దానికే చాలామందికి ఓపిక చాలదు. కిట్‌లో వచ్చిన కర్ర మీద యంత్రం గీతలు ఉంటాయి. మామూలు వెలుతురులో అవి కనిపించవు. రాత్రి గదిలో దీపాలు ఆర్పేసి, ఒక్క దీపాన్ని కర్రకి ఏటవాలుగా పక్కన పెట్టి చూడండి. మెడ దగ్గర, బుగ్గ ఆనే చోటు అంచున, లాక్ చుట్టూ ఉన్న బల్లపరుపు మీద గీతలు, గుంటలు ఒక్కొక్కటీ నీడ వేసుకుని బయటపడతాయి. రంగు పడ్డాక ఇవన్నీ నల్లటి చారికలై కూర్చుంటాయి. అప్పుడు వాటిని తీయాలంటే రంగు కూడా తీసెయ్యాలి.

పాతకాలపు పనివాళ్ళు వీటిని ఉక్కు రేకు స్క్రేపర్‌తో గీకి తీసేవాళ్ళు. నేనూ వీలైనంత వరకు స్క్రేపర్‌నే వాడతాను. ఉప్పుకాగితం చెక్క నారని చిదిపి ధూళితో పూడ్చేస్తుంది, స్క్రేపర్ నారని కోస్తుంది. కోసిన చెక్క మీద చారలు స్పష్టంగా పలుకుతాయి. ఉప్పుకాగితం వాడితే దాని వెనక చెక్కముక్కో, గట్టి రబ్బరో తప్పకుండా పెట్టాలి. ఒట్టి వేళ్ళతో రుద్దితే లాక్ చుట్టూ, ఇత్తడి పలకల చుట్టూ ఉన్న పదునైన అంచులు గుండ్రంగా అరిగిపోతాయి. మంచి పనివాడు చేసిన తుపాకీని గుర్తుపట్టేది ఆ అంచుల దగ్గరే.

తర్వాత తడిగుడ్డతో కర్రంతా తుడవాలి. తడి తగలగానే అణిగి ఉన్న నూగు లేచి నిలబడుతుంది, చెయ్యి పెడితే గరుకుగా తగులుతుంది. పూర్తిగా ఆరాక ఆ నూగుని మాత్రమే తేలికగా తీసెయ్యాలి. మళ్ళీ తడపాలి, మళ్ళీ తీయాలి. తడిపినా నూగు లేవడం లేదంటేనే కర్ర సిద్ధమైనట్టు. ఈ పని ఎగ్గొడితే, మొదటి వానకే కర్ర అక్కడక్కడా గరుకు తేలుతుంది.

ఇక రంగు. మేపుల్‌కి పెన్సిల్వేనియా పాతపద్ధతి ఒకటుంది, నా దృష్టిలో దానికి సాటి వచ్చేది లేదు. నత్రికామ్లంలో ఇనుము కరిగిస్తే వచ్చే ద్రావణం అది. అక్కడివాళ్ళు ఆక్వా ఫోర్టిస్ అంటారు. ఇంట్లో ఆమ్లంతో తంటాలు పడాల్సిన అవసరం ఇవాళ లేదు. ఫెర్రిక్ నైట్రేట్ స్ఫటికాల్ని నీళ్ళలో కలిపినా అదే పని జరుగుతుంది, తయారుగా సీసాల్లో కూడా దొరుకుతుంది. దీన్ని కర్రకి పట్టించగానే చూసేవాళ్ళు కంగారు పడతారు. కర్ర ఆకుపచ్చగా, బూడిద రంగులో, బూజుపట్టినట్టు కనిపిస్తుంది. ఆరాక హీట్ గన్ తెచ్చి కర్రకి కాస్త ఎడంగా పట్టుకుని మెల్లగా జరపాలి. వేడి తగిలిన చోట ఆ పచ్చదనం ఒక్కసారిగా మాయమై ఎర్రటి గోధుమరంగు కమ్ముకొస్తుంది. చారలు ఒకదాని వెనక ఒకటి మేలుకుంటాయి. అలల్లాంటి నార ఎక్కడ పైకి తేలి తెగిందో అక్కడ ద్రావణం ఎక్కువ పీల్చుకుంటుంది, ఆ చార ముదురుతుంది. పక్కది లేతగా ఉండిపోతుంది. పైన పూసిన రంగు ఇలా చెయ్యలేదు, ఎందుకంటే ఇక్కడ రంగు చెక్కలోనే పుడుతోంది.

జాగ్రత్తలు చెప్పాలి. వేడి చేసేటప్పుడు ఘాటైన వాయువులు వస్తాయి, ఊపిరితిత్తులకి మంచివి కావు. ఆరుబయట చెయ్యండి, చేతికి గ్లౌజులు, కళ్ళకి అద్దాలు వేసుకోండి. పని అయ్యాక వంటసోడా కలిపిన నీళ్ళతో కర్రని బాగా తుడిచి, మంచినీళ్ళతో మళ్ళీ తుడవండి. లోపల ఆమ్లం మిగిలితే రంగు తర్వాత కూడా మారుతూనే ఉంటుంది, పక్కనున్న ఇనుముకీ తుప్పు పడుతుంది. ఏ రంగైనా ముందు అదే కర్ర నుంచి తీసిన ముక్క మీద చూడాలి, దాని మీద నూనె కూడా వేసి చూడాలి. నూనె పడ్డాకే అసలు రంగు తెలుస్తుంది. ఒకే జాతి మేపుల్ అయినా రెండు చెట్లు ఒకేలా రంగు తిరగవు.

ఆమ్లాల జోలికి వెళ్ళడం ఇష్టం లేకపోతే స్పిరిట్‌లో కరిగే రంగులున్నాయి, బాగానే ఉంటాయి. పెయింట్ దుకాణాల్లో దొరికే చిక్కటి వుడ్ స్టెయిన్ మాత్రం మేపుల్‌కి వద్దు. దానిలోని రంగుపొడి చెక్కలోకి ఇంకదు. పైన పేరుకుని, ఏ చారల కోసం డబ్బు పోసి కర్ర కొన్నామో ఆ చారల మీదే ముసుగు వేస్తుంది. వెనిగర్‌లో ఇనుప పీచు నానబెట్టి పూసే చిట్కా ఒకటుంది. అది టానిన్ ఎక్కువున్న వాల్‌నట్‌ని నల్లగా చేస్తుంది. మేపుల్‌లో టానిన్ తక్కువ కాబట్టి ఎక్కువగా బూడిదరంగే మిగులుతుంది.

ఇప్పుడు తమ్ముడు అడిగిన ప్రశ్నకి వద్దాం.

పైపూత ఏదైనా దాన్ని పరీక్షించేది ఆ తుపాకీయే. తుపాకీ మందు అంటే సూరేకారం, బొగ్గు, గంధకం. సుమారు 75 పాళ్ళు సూరేకారం, 15 బొగ్గు, 10 గంధకం. 18వ శతాబ్దంలో ఇంగ్లండు మందుకి కావలసిన సూరేకారం ఎక్కువగా మన బీహారు నేలలోంచే ఓడలెక్కింది. ఈ మందు పూర్తిగా పొగై పోదు; కాలాక సగానికి పైగా ఘనపదార్థంగానే మిగులుతుంది. ఆ మసి గాలిలోని తేమని లాక్కుంటుంది, క్షార గుణం ఉంటుంది, ఇనుముని తింటుంది. అందుకే కాల్చిన రోజునే గొట్టాన్ని నీళ్ళతో కడగాలి. లాంగ్ రైఫిల్‌లో గొట్టాన్ని కర్రకి సన్నటి మేకులతో బిగిస్తారు, మాటిమాటికీ ఊడదీస్తే కర్ర పాడవుతుంది. కాబట్టి కడగడం గొట్టం కర్రలో ఉండగానే జరుగుతుంది. ఎంత జాగ్రత్తపడ్డా రంజకం (మొదట నిప్పందుకునే మందు) పోసే గిన్నె పక్కనున్న చిన్న రంధ్రం గుండా ఆ మురికినీళ్ళు లాక్ చుట్టూ ఉన్న చెక్క మీదికి కారతాయి. దానికి తోడు అరచేతి చెమట, గ్రీజు, అడవిలో వాన, కంపల గీతలు. డ్రాయింగ్ రూమ్ బల్లకి వేసే పూతని ఇలాంటి చోట వేస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

మన ఇళ్ళలో టేకు తలుపులకీ బీరువాలకీ వేసే స్పిరిట్ పాలిష్ ఉంది కదా, స్పిరిట్‌లో లక్క కరిగించి చేసేది. చెక్కకి అది ఇచ్చే అందం నాకు చాలా ఇష్టం. ప్రపంచానికి లక్క ఇచ్చే దేశాల్లో మనది మొదటి వరసలో ఉంది. కానీ తడి నిలిస్తే దాని మీద తెల్లటి మచ్చ పడుతుంది, క్షారం తగిలితే కరుగుతుంది. మందు మసి క్షారమే. అందుకని తుపాకీ కర్రకి లక్క పైపూతగా పనికిరాదు.

పాలియురేథేన్ సంగతి వేరు. నీళ్ళకి నిలుస్తుంది, గట్టిది, త్వరగా ఆరుతుంది. అయినా నేను వద్దంటాను. అది చెక్క మీద ఒక పొరగా నిలబడుతుంది. రాయి తగిలో, పడిపోయో ఆ పొర ఒక చోట పగిలితే అక్కడ తెల్లటి మచ్చ లేస్తుంది, దాని కిందికి తేమ పాకుతుంది. పాత పొర మీద కొత్తది వేస్తే అతుకు కనిపిస్తూనే ఉంటుంది. సరిగా బాగుచెయ్యాలంటే పొరంతా గీకి తీయాలి. మేపుల్‌లో రంగు దిగింది కాగితం మందాన. పొరతో పాటు ఆ రంగు కూడా లేచిపోతుంది. హీట్ గన్ ముందు ఊపిరి బిగపట్టి నువ్వు పుట్టించిన చారలు ఉప్పుకాగితం ధూళిలో కలుస్తాయి. అదీ నా అభ్యంతరం. తుపాకీ కర్ర మీద గీతలు పడక తప్పదు. అందుకని, పడిన చోటే, పడినంత మేరకే బాగుచేసుకోగలిగే పూతని ఎంచుకోవాలి.

ఆ లక్షణం ఉన్నది అవిసె గింజల నూనె కుటుంబానికే. ఇక్కడా తేడాలు తెలియాలి. పచ్చి అవిసె నూనె ఆరడానికి రోజులూ వారాలూ పడుతుంది. దుకాణంలో దొరికే బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్‌లో త్వరగా ఆరడానికి లోహ లవణాలు కలుపుతారు; రాసిన మర్నాటికే చేతికి అంటదు. కానీ ఒట్టి నూనె తేమని అంతగా ఆపలేదు. పాత పెన్సిల్వేనియా పనివాళ్ళకి ఈ సంగతి తెలుసు. వాళ్ళు నూనెలో చెట్టుబంక వేసి కాచి వార్నిష్ చేసుకునేవాళ్ళు. నూనె చెక్కలోకి దిగుతుంది, బంక పైన నిలిచి నీళ్ళని ఆపుతుంది. మ్యూజియంలలో పాత లాంగ్ రైఫిళ్ళని దగ్గరగా చూస్తే చేతులు ఎక్కువగా తగలని మూలల్లో, ఇత్తడి అంచుల పక్కన ఎర్రటి మెరుపు ఇంకా మిగిలి ఉంటుంది. అదే ఆ వార్నిష్. వర్జీనియాలోని విలియమ్స్‌బర్గ్‌లో పాతపద్ధతిలో తుపాకీ మొత్తం చేత్తో చేసే పనిని వాలెస్ గస్లర్ మళ్ళీ బతికించాడు. అతని మీద 1969లో ఒక డాక్యుమెంటరీ వచ్చింది. దొరికితే చూడండి. ఇనుము కాచడం నుంచి కర్ర చెక్కడం దాకా ఒక్క మనిషి చేతుల్లో జరుగుతుంది.

ఇంట్లో నూనె కాయమని నేను చెప్పను. పాత తయారీ పద్ధతుల్లో సీసం ఉండేది, కాగే నూనె అంటుకుంటే ఆర్పడం కష్టం. ఇవాళ సీసం లేకుండా అదే తీరులో తయారైన వార్నిష్‌లు దొరుకుతున్నాయి. చైనా నుంచి వచ్చిన టంగ్ నూనె తేమకి అవిసె కంటే బాగా నిలుస్తుంది, ఓపిక ఉన్నవాళ్ళు అది వాడొచ్చు. మామూలుగా కిట్ చేసేవాళ్ళు ఎక్కువగా వాడేది బర్చ్‌వుడ్ కేసీ వాళ్ళ ట్రూ-ఆయిల్. నూనెని ముందే చిక్కబరచి చేసింది కాబట్టి గంటల్లో ఆరుతుంది. దాంతో వచ్చే చిక్కు మెరుపు. కోటింగు మీద కోటింగు వేసుకుంటూ పోతే అద్దంలా తళతళలాడుతుంది. పాత తుపాకీ పోలిక పోతుంది. అందుకని చుక్కలు చుక్కలుగా వేసి, అరచేతి వేడితో రుద్ది, మిగిలింది బట్టతో తుడిచెయ్యాలి. చివర్లో అతి సన్నటి ఇనుప పీచుతో తేలికగా రుద్దితే మెరుపు తగ్గి కర్ర బయటపడుతుంది.

తమ్ముడూ, నీ చారల మేపుల్‌కి నా సలహా ఇది: ఇనుప ద్రావణంతో రంగు, దాని మీద పల్చగా నూనె వార్నిష్. అది దొరక్కపోతే ట్రూ-ఆయిల్ పల్చగా. రేపు గీత పడితే ఆ గీత మీదే రెండు చుక్కలు రుద్దుకుంటే సరిపోతుంది.

పైకి కనిపించని చోట్లు ఇంతకంటే ముఖ్యం. గొట్టం కూర్చునే కాలువ, లాక్ దిగే గుంత, మందు కూరే కడ్డీ వెళ్ళే రంధ్రం, మడమకి బిగించే ఇత్తడి కింద ఉన్న అడ్డకోత. కిట్ చేసేవాళ్ళు ఇవి లోపలే ఉంటాయి కదా అని పచ్చిగా వదిలేస్తారు. చెక్క నీళ్ళు తాగేది ముఖ్యంగా అడ్డకోత గుండానే. లాక్ గుంతలోకి ఇంకిన తడి, మసి కలిసి చెక్కని నల్లబరచి మెత్తబరుస్తాయి. కొన్నేళ్ళకి లాక్ వదులవుతుంది. నూనెని టర్పెంటైన్‌తో పల్చబరచి, చిన్న బ్రష్‌తో ఈ చోట్లన్నిటికీ పట్టించాలి. పీల్చుకున్నంత పీల్చుకోనిచ్చి, మిగిలింది తుడిచెయ్యాలి. లోపల పొర కట్టనివ్వకూడదు, కడితే లాక్ సరిగ్గా కూర్చోదు.

నూనె తుడిచిన గుడ్డల గురించి గట్టిగా చెప్పాలి. అవిసె నూనె ఆరడమంటే గాలిలోని ఆక్సిజన్‌తో కలవడం, అలా కలిసేటప్పుడు వేడి పుడుతుంది. గుడ్డలు ఉండచుట్టి మూలన పడేస్తే ఆ వేడికి బయటికి దారి ఉండదు. ఎవరూ అగ్గిపుల్ల గీయకుండానే అంటుకుంటాయి. ఈ తుపాకీలు పుట్టిన పెన్సిల్వేనియాలోనే, ఫిలడెల్ఫియా నగరం నడిబొడ్డున వన్ మెరీడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనం ఉండేది. 1991 ఫిబ్రవరి 23న దాని 22వ అంతస్తులో నిప్పు రాజుకుంది. చెక్కపని చేసినవాళ్ళు వదిలేసి వెళ్ళిన అవిసె నూనె గుడ్డలే కారణం. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. మంటలు అంతస్తు తర్వాత అంతస్తు ఎక్కుతూ పోయి, 30వ అంతస్తులో ఆటోమేటిక్ స్ప్రింక్లర్లు ఉండబట్టి అక్కడ ఆగాయి. భవనం మళ్ళీ తెరుచుకోలేదు, చివరికి కూల్చేశారు. మీ షెడ్డులో వాడింది ఒక్క చిన్న గుడ్డే అయినా సరే, ఆరుబయట విడివిడిగా పరిచి, గట్టిపడే దాకా ఆరబెట్టండి. లేదా నీళ్ళు పోసిన ఇనుప డబ్బాలో వేసి మూత బిగించండి. ట్రూ-ఆయిల్ గుడ్డకైనా, టంగ్ నూనె గుడ్డకైనా ఇదే పద్ధతి.

మరో మాట. కొత్త తుపాకీని పాతదానిలా కనిపించేట్టు చెయ్యడం ఇప్పుడొక వేడుక. గొలుసులతో కొట్టి గుంటలు పెడతారు, మూలల్లో నల్లరంగు పులుముతారు. అందులో నిజమైన నేర్పు ఉన్నవాళ్ళున్నారు, వాళ్ళ పని చూసి నేను ఆగిపోయిన సందర్భాలూ ఉన్నాయి. అయినా మొదటి కిట్ చేస్తున్నవాళ్ళకి అది వద్దంటాను. పెన్సిల్వేనియా పనివాడు తన దుకాణంలోంచి తుపాకీని కొత్తగానే ఇచ్చాడు. వేసిన వార్నిష్ అరిగిన చోట అరిగింది, చేతులు తగిలిన చోట నల్లబడింది. నువ్వు చేసిన కర్రకీ ఆ అవకాశం ఇవ్వు.

చివరగా, తొందరపడవద్దు. చేతికి అంటనంత మాత్రాన నూనె లోపలిదాకా గట్టిపడినట్టు కాదు. కర్రని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడు. నూనె వాసన ఇంకా ఘాటుగా వస్తుంటే ఆరలేదన్నమాట. గాలి ఆడే చోట వేలాడదీసి మరికొన్నాళ్ళు వదిలెయ్యి. వాసన పోయాక గొట్టం అడుగు భాగానికి పల్చగా మైనం రాసి, అప్పుడు కాలువలో కూర్చోబెట్టి మేకులు బిగించుకో.